తిరిగి వచ్చిన ఎన్‌క్లేవ్ పేజీల స్వాప్ మెమరీని విడుదల చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు కళాశాలల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివే విద్యార్థులకూ, ఇదే ప్రాంతంలో చిన్న సర్వర్ గదులను చూసుకునే నిర్వాహకులకూ ఇంటెల్ ఎస్‌జీఎక్స్ (ప్రోగ్రామ్‌లోని కొంత భాగాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా కనపడకుండా ఎన్‌క్లేవ్ అనే రక్షిత మెమరీలో నడిపే ప్రాసెసర్ సౌకర్యం) విషయంలో సాధారణంగా వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఎన్‌క్లేవ్ నడుస్తున్నంతసేపూ మామూలు ర్యామ్ ఎందుకు తరిగిపోతుంది, దాన్ని ఎప్పుడు వెనక్కి ఇవ్వవచ్చు, ఇవ్వబోయేముందు ఏమేమి సరిచూసుకోవాలి అన్నవే ముఖ్యాంశాలు. జవాబులన్నీ లినక్స్ కెర్నల్‌ను ఉద్దేశించినవి.

ఎన్‌క్లేవ్ పేజీలకు మామూలు స్వాప్ (మెమరీ నిండితే పేజీలను డిస్కుకు పంపడం) ఎందుకు సరిపోదు?

ఎన్‌క్లేవ్‌లోని కోడ్, డేటా మామూలు ర్యామ్‌లో కాకుండా ప్రాసెసర్ తన అధీనంలో ఉంచుకున్న ఈపీసీ అనే మెమరీలో ఉంటాయి. ఆ మెమరీలోని పేజీలను (4 కేబీ ముక్కలను) ఆపరేటింగ్ సిస్టమ్ చదవలేదు, నేరుగా కాపీ కూడా చేయలేదు. తొలి తరం డెస్క్‌టాప్‌లలో ఇందుకోసం 128 ఎంబీ పక్కన పెట్టినా, లెక్కల పట్టికలు పోగా ఎన్‌క్లేవ్‌లకు మిగిలేది సుమారు 93 ఎంబీ మాత్రమే. 2021లో వచ్చిన ఐస్ లేక్ జియాన్ సర్వర్లలో ఈ పరిమితి ఒక్కో సాకెట్‌కు 512 జీబీ వరకు పెరిగింది కాబట్టి పెద్ద సర్వర్లలో ఈ ఇబ్బంది అంతగా కనిపించదు. చిన్న యంత్రాల మీద మాత్రం ఈపీసీ నిండిపోవడం రోజూ జరిగేదే.

ఈపీసీ నిండినప్పుడు కొన్ని పేజీలను బయటకు పంపాలి. కెర్నల్‌లోని మామూలు మెమరీ నిర్వహణ విభాగానికి ఈ పని అప్పగించలేం కనుక ఎస్‌జీఎక్స్ డ్రైవర్ తనకంటూ ఒక ప్రత్యేక పద్ధతిని పెట్టుకుంది. బయటకు వెళ్లిన పేజీ డిస్కుకు కాకుండా ముందుగా మామూలు ర్యామ్‌లోని ఒక షేర్డ్ మెమరీ ఫైల్‌లోకి వెళుతుంది. ర్యామ్ కూడా కొరవడితే ఆ ఫైల్ పేజీలను మామూలు స్వాప్ డిస్కుకు పంపుతుంది. ఈ విధంగా ఈపీసీ, షేర్డ్ మెమరీ, డిస్కు అనే మూడు అంచెలు ఏర్పడతాయి.

పేజీ బయటకు వెళ్లేటప్పుడు దానితోపాటు ఏమేమి వెళతాయి?

బయటకు పంపే ప్రాసెసర్ సూచన (ఇన్‌స్ట్రక్షన్) పేరు ఈడబ్ల్యూబీ. అది 4 కేబీ పేజీని గుప్తీకరించి షేర్డ్ మెమరీలో రాస్తుంది. దానితోపాటు పీసీఎండీ అనే 128 బైట్ల వివరాన్ని కూడా రాస్తుంది. ఆ పేజీ ఏ ఎన్‌క్లేవ్‌ది, దాని అనుమతులు ఏమిటి, మధ్యలో ఎవరూ మార్చలేదని రుజువు చేసే 16 బైట్ల ముద్ర ఏమిటి అన్నవన్నీ అందులో ఉంటాయి. మూడోది వెర్షన్ సంఖ్య. 8 బైట్ల ఈ సంఖ్య ఈపీసీ దాటి బయటకు రాదు, వీఏ పేజీ అనే ప్రత్యేక పేజీలోని ఒక గడిలో ఉంటుంది. ఒక్కో వీఏ పేజీలో అలాంటి గడులు 512 ఉంటాయి.

పేజీని తిరిగి లోపలికి తెచ్చే సూచన ఈఎల్‌డీయూ. గుప్తీకరించిన పేజీ, పీసీఎండీ, వెర్షన్ సంఖ్య మూడూ సరిపోలితేనే పేజీ లోపలికి వస్తుంది. రాగానే ఆ వెర్షన్ గడి ఖాళీ అవుతుంది. ఈ చివరి విషయాన్ని గుర్తుంచుకోండి, దీని అవసరం ముందు ముందు వస్తుంది.

మరి మెమరీ వృథా అయింది ఎక్కడ?

ఎస్‌జీఎక్స్ డ్రైవర్ 2021 ఫిబ్రవరిలో 5.11 కెర్నల్‌తో లినక్స్‌లో భాగమైంది. ఆ తొలి రూపంలో, పేజీ ఈపీసీలోకి తిరిగి వచ్చిన తర్వాత కూడా షేర్డ్ మెమరీలోని దాని ప్రతి అలాగే ఉండిపోయేది. ఎన్‌క్లేవ్ పూర్తిగా మూతపడినప్పుడే ఫైల్ మొత్తం ఒకేసారి విడుదలయ్యేది.

1 జీబీ ఎన్‌క్లేవ్‌ను 93 ఎంబీ ఈపీసీ ఉన్న యంత్రం మీద నడుపుతున్నామనుకోండి. అందులో 2,62,144 పేజీలు ఉంటాయి. ప్రోగ్రామ్ తన డేటా అంతటినీ ఒకసారి చదువుకుంటూ పోతే దాదాపు ప్రతి పేజీ ఎప్పుడో ఒకప్పుడు బయటకు వెళ్లి వస్తుంది, అంటే షేర్డ్ మెమరీ ఫైల్ 1 జీబీ దాకా పెరుగుతుంది. పీసీఎండీల భాగం దానిలో 32వ వంతు, అంటే మరో 32 ఎంబీ. ఈ లెక్కలో ఎప్పుడైనా 93 ఎంబీకి దగ్గరగా ఉండే పేజీలు ఈపీసీలోనే ఉంటాయి కనుక వాటి పాత ప్రతులు పూర్తిగా అనవసరం. ఈపీసీ పెద్దదైన కొద్దీ ఈ అనవసర భాగం కూడా పెరుగుతుంది: ఒక సర్వర్‌లో 64 జీబీ ఈపీసీ ఉంటే, ఒకసారి ఒత్తిడి వచ్చి తగ్గిన తర్వాత 64 జీబీ దాకా చచ్చిన ప్రతులు ర్యామ్‌లోనో స్వాప్‌లోనో కూర్చోవచ్చు. నెలల తరబడి ఆపకుండా నడిచే సేవల విషయంలో ఇది చిన్న లోపం కాదు.

పాత ప్రతిని ఉంచుకుంటే మళ్లీ బయటకు పంపేటప్పుడు పని తగ్గుతుంది కదా?

ఆలోచించే విద్యార్థి తప్పక అడిగే ప్రశ్న ఇది. మామూలు స్వాప్‌లో ఆ మాట నిజమే. పేజీ లోపలికి వచ్చాక దానిలో ఏ మార్పూ జరగకపోతే, రెండోసారి బయటకు పంపేటప్పుడు మళ్లీ రాయనక్కర లేదు. డిస్కు మీద ఉన్న ప్రతే సరిపోతుంది.

ఎన్‌క్లేవ్ పేజీకి ఆ వెసులుబాటు లేదు. లోపలికి తెచ్చినప్పుడే వెర్షన్ గడి ఖాళీ అయింది కాబట్టి పాత ప్రతిని ప్రాసెసర్ ఇక ఏ పరిస్థితిలోనూ అంగీకరించదు. పాత ప్రతిని ఎక్కించి ఎన్‌క్లేవ్‌ను వెనకటి స్థితికి తీసుకెళ్లే దాడులను అడ్డుకోవడానికే ఈ ఏర్పాటు చేశారు. పేజీలో ఒక్క బిట్ మారకపోయినా, మళ్లీ బయటకు వెళ్లేటప్పుడు కొత్త వెర్షన్‌తో, కొత్త ముద్రతో, కొత్తగా గుప్తీకరించుకుని వెళ్లవలసిందే. కనుక పాత ప్రతి విలువ సున్నా. దాన్ని పారవేయడం వల్ల వేగం ఏమీ తగ్గదు.

విడుదల చేసే సవరణ సరిగ్గా ఏం చేస్తుంది?

ఈ డ్రైవర్ నిర్వాహకుడు జార్కో సక్కినెన్ రాసిన ఈ సవరణ 2022 జనవరిలో కెర్నల్‌లోకి వెళ్లింది. ఈఎల్‌డీయూ విజయవంతం కాగానే షేర్డ్ మెమరీ ఫైల్‌లో ఆ పేజీ ఉన్న 4 కేబీ భాగాన్ని షెమెమ్ ట్రంకేట్ రేంజ్ అనే ఫంక్షన్‌తో కోసి వేస్తుంది. ఫైల్ పొడవు మారదు, మధ్యలో ఒక రంధ్రం ఏర్పడుతుంది. ఆ పేజీ ర్యామ్‌లో ఉంటే ర్యామ్, డిస్కు స్వాప్‌లో ఉంటే ఆ స్వాప్ చోటు వెంటనే విడుదలవుతాయి.

డేటా పేజీ విషయం ఇంతటితో అయిపోతుంది. పీసీఎండీ విషయం అంత తేలిక కాదు.

పీసీఎండీ మెమరీని విడుదల చేయడంలో కష్టం ఏమిటి?

ఒక 4 కేబీ పేజీలో 128 బైట్ల పీసీఎండీలు 32 పడతాయి. ఎన్‌క్లేవ్‌లో పక్కపక్కనే ఉన్న 32 పేజీలు, అంటే 128 కేబీ చిరునామాలు, ఒకే పీసీఎండీ పేజీని పంచుకుంటాయి. పొదిలి వైపు పొగాకు గోదాములో ఒకే కాగితం మీద 32 బేళ్ల వివరాలు వరుసగా రాసి ఉన్నాయనుకోండి. ఒక బేలు బయటకు వెళ్లగానే ఆ వరుసను కొట్టివేయవచ్చు కాని, మిగిలిన 31 వరుసలూ కొట్టివేసి ఉంటే తప్ప కాగితాన్ని చించకూడదు.

కెర్నల్ సరిగ్గా ఇదే చేస్తుంది. పేజీ లోపలికి రాగానే దాని 128 బైట్లను సున్నాలతో నింపుతుంది, తర్వాత 4,096 బైట్లనూ చూసి సున్నా కానిది ఒక్కటీ లేకపోతే ఆ పీసీఎండీ పేజీని కూడా కోసివేస్తుంది. నిజమైన పీసీఎండీ ఎన్నడూ పూర్తి సున్నాలుగా ఉండదు కనుక వేరే లెక్కింపు పట్టిక ఏదీ అవసరం పడలేదు. ఇది చక్కని ఎంపిక అని నా అభిప్రాయం. అయితే సున్నాలుగా కనిపించడం వేరు, ఇక ఎవరికీ అవసరం లేకపోవడం వేరు. ఈ రెంటి మధ్య తేడా మొదటి సవరణలో పట్టుబడలేదు.

ఆ తేడా వల్ల ఏం జరిగింది?

ఒకే పీసీఎండీ పేజీని పంచుకునే రెండు ఎన్‌క్లేవ్ పేజీలను తీసుకుందాం. మొదటిది బయట ఉంది. రెండోది ఇప్పుడు బయటకు వెళ్లబోతోంది. మిగిలిన ముప్పై లోపలే ఉన్నాయి.

పేజీలను బయటకు పంపే కెర్నల్ థ్రెడ్ రెండో పేజీ కోసం పీసీఎండీ పేజీని పట్టుకుంటుంది, అయితే ఇంకా ఏమీ రాయదు. ఈ మధ్యలో ఎన్‌క్లేవ్ తాళాన్ని (ఇద్దరు ఒకేసారి మార్పులు చేయకుండా అడ్డుకునే లాక్‌ను) వదిలేస్తుంది. అదే క్షణంలో మరో ప్రాసెసర్ మీద ప్రోగ్రామ్ మొదటి పేజీని ముట్టుకుంటుంది. ఫాల్ట్ (పేజీ లోపల లేదని ప్రాసెసర్ కెర్నల్‌ను పిలవడం) వస్తుంది, పేజీ లోపలికి వస్తుంది, దాని వరుస సున్నా అవుతుంది. ఇప్పుడు పీసీఎండీ పేజీ మొత్తం సున్నాలే కనుక ఫాల్ట్ చూసే కోడ్ దాన్ని ఫైల్ నుంచి కోసివేస్తుంది. ఆ తర్వాత థ్రెడ్ తన చేతిలో ఉన్న, ఫైల్‌తో తెగిపోయిన పేజీలో రెండో పేజీ వివరాన్ని రాసి వదిలేస్తుంది. ఆ వివరం అక్కడితో పోయినట్టే. ప్రోగ్రామ్ రెండో పేజీని అడిగినప్పుడు ఫైల్ నుంచి వచ్చేది కొత్త ఖాళీ పేజీ. దాన్ని చూసి ప్రాసెసర్ తిరస్కరిస్తుంది, ప్రోగ్రామ్‌కు సిగ్‌బస్ (మామూలుగా ప్రోగ్రామ్‌ను ఆపివేసే సంకేతం) వచ్చి పడుతుంది. గుప్తీకరించిన డేటా చెక్కుచెదరకుండా ఉన్నా దాన్ని తెరిచే మార్గం ఉండదు.

ఈ లోపాలను సరిదిద్దే వరుస సవరణలు 2022 మేలో వచ్చాయి. వాటి ప్రకారం షేర్డ్ మెమరీ పేజీని ఎన్‌క్లేవ్ తాళం చేతిలో ఉండగానే తీసుకోవాలి. పీసీఎండీ పేజీ ఖాళీగా కనిపించినా, దాన్ని పంచుకునే 32 పేజీల్లో ఏ ఒక్కటైనా బయటకు వెళ్లే గుర్తుతో ఉంటే కోయకూడదు. కోసిన తర్వాత కూడా ఆ పేజీని మరోసారి చూసి, సున్నాలు కానిది ఏదైనా కనిపిస్తే కెర్నల్ లాగ్‌లో హెచ్చరిక రాస్తారు. విడుదల చేయడం అనే పనిలో ఆలస్యానికి శిక్ష కొంత మెమరీ మాత్రమే, తొందరకు శిక్ష డేటా నష్టం. అందుకే సందేహం ఉన్నచోట ఈ కోడ్ పేజీని ఉంచేవైపే మొగ్గుతుంది, అదే సరైన మొగ్గు.

కెర్నల్ లాగ్‌లో ఈఎల్‌డీయూ 1073741837 అనే సంఖ్యను ఇచ్చింది. దాని అర్థం ఏమిటి?

ఆ సంఖ్యను రెండుగా విడదీయండి. 1073741824 అనేది 2 యొక్క 30వ ఘాతం. ఎస్‌జీఎక్స్ సూచన పూర్తికాకుండా మధ్యలో ఫాల్ట్ వచ్చిందని చెప్పడానికి కెర్నల్ పెట్టుకున్న గుర్తు అది. మిగిలిన 13 ఆ ఫాల్ట్ సంఖ్య, అంటే జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్. ఈఎల్‌డీయూ దగ్గర ఇది వస్తే లోపలికి తేవలసిన పేజీ వివరాలు ప్రాసెసర్‌కు సమ్మతంగా లేవని అనుకోవాలి. ఈపీసీ మీద ఒత్తిడి ఉన్నప్పుడు మాత్రమే ఇది కనిపిస్తూ, కెర్నల్ 2022 మే సవరణలకు ముందుదైతే, ర్యామ్ చెడిపోయిందని నిర్ణయించుకోకముందు కెర్నల్‌ను మార్చి చూడండి.

డర్టీ గుర్తు గురించి కూడా 2022 మే సవరణల్లో ఒకటి ఉంది. దానికీ విడుదలకూ సంబంధం ఏమిటి?

షేర్డ్ మెమరీ పేజీలు డిస్కుకు వెళ్లి రాగలవని మొదట్లో చెప్పుకున్నాం. పేజీలో మార్పు చేసి డర్టీ అని గుర్తు పెట్టకపోతే, మెమరీ నిర్వహణ విభాగం ఆ మార్పును రాయకుండానే పేజీని వదిలేయవచ్చు. తర్వాత డిస్కు నుంచి వచ్చేది పాత రూపం. పీసీఎండీ వరుసను సున్నా చేసి గుర్తు పెట్టకపోవడం అటువంటిదే: కొట్టివేసిన వరుస మళ్లీ ప్రాణం పోసుకుని తిరిగి వస్తుంది. గుర్తును పేజీని వదిలే సమయంలో కాక, రాసిన వెంటనే పెట్టాలని సవరించారు.

ఈ మెమరీ వాడకం ఎక్కడ కనిపిస్తుంది?

ఈ షేర్డ్ మెమరీ ఫైల్‌కు డైరెక్టరీలో పేరు ఉండదు, కెర్నల్ లోపలే పుట్టి లోపలే పోతుంది. అందువల్ల డెవ్ డైరెక్టరీలోని షేర్డ్ మెమరీ ఫోల్డర్‌ను ఎంత వెతికినా దొరకదు. ప్రాక్ కింద ఉన్న మెమ్‌ఇన్ఫో ఫైల్‌లో షెమెమ్ అనే వరుసలో, ఫ్రీ కమాండ్ చూపే షేర్డ్ అనే నిలువు గడిలో ఇది కలిసి ఉంటుంది. కొంత భాగం డిస్కుకు వెళితే ఆ మేరకు షెమెమ్ తగ్గి స్వాప్ వాడకం పెరుగుతుంది కాబట్టి రెంటినీ కలిపి చూడాలి.

డ్రాప్ క్యాషెస్ (కెర్నల్ క్యాష్‌ను ఖాళీ చేయించే) ఫైల్‌లో 3 అని రాసి దీన్ని ఖాళీ చేయాలని చూసేవారు ఉన్నారు. అది పనిచేయదు. ఫైల్ పేజీల్లో డిస్కు మీద అసలు ప్రతి ఉన్నవాటిని మాత్రమే ఆ మార్గంలో వదిలించుకోగలం. షేర్డ్ మెమరీ పేజీలకు ఆ అసలు ప్రతి అవే. ప్రోగ్రామ్ వైపు నుంచి అడిగి విడుదల చేయించుకునే కమాండ్ కూడా లేదు.

కంటైనర్‌కు (మిగతావాటి నుంచి విడదీసి నడిపే ప్రోగ్రామ్‌ల గుంపుకు) పెట్టిన మెమరీ పరిమితిలో ఇది లెక్కకు వస్తుందా?

మొదట్లో వచ్చేది కాదు. పేజీలను బయటకు పంపే పనిలో అధిక భాగం కేఎస్‌జీఎక్స్‌డీ అనే కెర్నల్ థ్రెడ్ చేస్తుంది. ఖాళీ ఈపీసీ పేజీలు 32 కంటే తగ్గితే అది మేల్కొని, 16 పేజీల చొప్పున పరిశీలిస్తూ 64 ఖాళీ అయ్యే దాకా పనిచేస్తుంది. థ్రెడ్ కెర్నల్‌ది కాబట్టి అది తీసుకున్న ర్యామ్ ఏ కంటైనర్ ఖాతాలోనూ పడేది కాదు. 2022లోనే క్రిస్టెన్ కార్ల్‌సన్ అకార్డి రాసిన సవరణతో ఆ ఖర్చు ఎన్‌క్లేవ్ యజమాని ఖాతాలోకి మారింది. కెర్నల్ మార్చిన తర్వాత అదే కంటైనర్ పరిమితి దాటి ఆగిపోతుంటే కారణం ఇది కావచ్చు. ఎన్‌క్లేవ్ పరిమాణానికి దానిలో 32వ వంతు కలిపి, అంత మేరకు పరిమితి పెంచి చూడండి.

విడుదల చేసేశాక, మళ్లీ బయటకు పంపే సమయానికి ర్యామ్ దొరకకపోతే?

షేర్డ్ మెమరీలో చోటు దొరకని పేజీని థ్రెడ్ దాటవేస్తుంది, పేజీ ఈపీసీలోనే భద్రంగా ఉంటుంది. డేటా పోదు కాని ఈపీసీ ఖాళీ కాదు, కొత్త పేజీ కోరినవారు వేచి ఉండాలి. పాత ప్రతుల చోటును పట్టుకుని కూర్చుంటే ఈ ఇబ్బంది తప్పుతుందనే వాదన వినిపిస్తుంది. ఎప్పుడో రాబోయే కొరత కోసం ఇప్పుడే కొరత సృష్టించడాన్ని నేను సమర్థించలేను. ర్యామ్ తక్కువైన సర్వర్‌కు డిస్కు స్వాప్ ఏర్పాటు చేయండి.

విడుదలైన పేజీలో రహస్యాలు మిగిలి ఉంటాయా?

ఉండవు. అక్కడ ఉన్నది ప్రాసెసర్ దాటి బయటకు రాని తాళంచెవితో (కీతో) గుప్తీకరించిన రూపం.

కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో పెడితే ఎన్‌క్లేవ్ ఏమవుతుంది?

పూర్తి స్లీప్‌లోకి వెళితే ఈపీసీ తాళంచెవులు పోతాయి, లోపలి పేజీలతోపాటు బయట గుప్తీకరించి ఉంచినవి కూడా ఇక తెరుచుకోవు. వేసవిలో కోతలు ఎక్కువగా ఉండే చోట ప్రయోగాలు చేసేవారు, మెలకువ రాగానే ప్రోగ్రామ్ ఎన్‌క్లేవ్‌ను మళ్లీ కట్టుకునేలా రాసుకోవాలి. పనికిరాని ఆ బయటి ప్రతులు వాటంతట అవి విడుదల కావు. పాత ఎన్‌క్లేవ్‌ను మూసినప్పుడే పోతాయి.

ఎన్‌క్లేవ్‌ను మూసినా మెమరీ తగ్గలేదు. ఎందుకు?

ఫైల్ డిస్క్రిప్టర్‌ను (ఎన్‌క్లేవ్‌ను తెరిచినప్పుడు ప్రోగ్రామ్‌కు వచ్చే సంఖ్యను) మూస్తే సరిపోదు. ఎన్‌క్లేవ్ చిరునామాల మ్యాపింగ్ ఏదైనా మిగిలి ఉంటే కెర్నల్ దృష్టిలో అది ఇంకా వాడుకలో ఉన్నట్టే. డిస్క్రిప్టర్‌ను వేరే ప్రాసెస్‌కు పంపి ఉంటే అక్కడ కూడా చూడాలి. చివరి ఆధారం పోయినప్పుడే షేర్డ్ మెమరీ ఫైల్ మొత్తం వెళ్లిపోతుంది.

నా దగ్గర ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఇవన్నీ చేసి చూడవచ్చా?

బయోస్‌లో ఎస్‌జీఎక్స్ అమరిక కనిపించినంత మాత్రాన సరిపోదు. లినక్స్‌లోని డ్రైవర్‌కు ఫ్లెక్సిబుల్ లాంచ్ కంట్రోల్ (ఏ ఎన్‌క్లేవ్ నడవవచ్చో ఇంటెల్ కాక యంత్రం వైపే నిర్ణయించుకునే వీలు) అనే సౌకర్యం తప్పనిసరి. 2015 నాటి 6వ తరం స్కైలేక్ ల్యాప్‌టాప్‌లలో ఎస్‌జీఎక్స్ ఉన్నా ఈ సౌకర్యం లేదు. 11వ తరం నుంచి ఇంటెల్ తన ఇంటి వాడకపు ప్రాసెసర్లలో ఎస్‌జీఎక్స్‌నే వదిలేసింది. సెకండ్ హ్యాండ్ యంత్రం కొనబోయే విద్యార్థులు డబ్బు ఇచ్చే ముందు ఈ రెండు విషయాలూ చూసుకోవాలి.

యంత్రం అనుకూలమైతే కెర్నల్ సోర్స్‌తోపాటు వచ్చే ఎస్‌జీఎక్స్ సెల్ఫ్‌టెస్ట్‌లతో మొదలుపెట్టండి. వాటిలో ఓవర్‌సబ్‌స్క్రైబ్డ్ అనే పరీక్ష యంత్రంలోని మొత్తం ఈపీసీ అంత హీప్‌తో (నడిచేటప్పుడు వాడుకునే మెమరీతో) ఎన్‌క్లేవ్‌ను కట్టి, పేజీలు బయటకు వెళ్లక తప్పని పరిస్థితి కల్పిస్తుంది. ఒక టెర్మినల్‌లో ఆ పరీక్ష, మరొక టెర్మినల్‌లో షెమెమ్ వరుసను క్షణక్షణం చూపే కమాండ్ పెట్టుకోండి. ఈ కోడ్ చదవాలనుకునేవారు ఫాల్ట్ వచ్చిన చోటు నుంచి ఈఎల్‌డీయూ దాకా ఒకసారి, థ్రెడ్ మేల్కొన్న చోటు నుంచి ఈడబ్ల్యూబీ దాకా మరొకసారి చదివి, ఎన్‌క్లేవ్ తాళాన్ని ఎక్కడ తీసుకుంటున్నారో ఎక్కడ వదులుతున్నారో పక్కన కాగితం మీద రాసుకోవాలి.